మా ఊరి మీద రాత్రిపూట డ్రోన్ తిరుగుతోంది, భయపడాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ఒడిశాలో గోపాలపూర్ పక్కన తెలుగు గంగపుత్రుల ఊరు. పది రోజులుగా రాత్రి ఎనిమిది దాటాక ఎర్ర, ఆకుపచ్చ లైట్లతో ఏదో ఊరి మీద తిరుగుతోంది. "పాకిస్తాన్ డ్రోన్లు వచ్చి ఆర్మీ ఫైరింగ్ రేంజ్‌ని ఫొటోలు తీస్తున్నాయి" అని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. అప్పటి నుంచి మీ అమ్మగారు చీకటి పడగానే ఇంట్లో లైట్లు ఆర్పేస్తున్నారు. మీ చిన్నోడు ఉండేలు పట్టుకుని డాబా మీద కాపలా కాస్తున్నాడు. నువ్వు అడిగినవి మూడు. అది మిలటరీ డ్రోనా? మా మీద ఏమైనా పడుతుందా? మనిషి లేకుండా తనంతట తానే చంపే డ్రోన్లు వచ్చాయంటున్నారు, నిజమేనా?

నాది బరంపురం. ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో 24 ఏళ్లు చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. గాల్లో వచ్చేదాన్ని కింద నుంచి కొట్టడమే నా ఉద్యోగం. కాబట్టి డ్రోన్ ఎగరేసేవాడిలా కాదు, నీలాగే కింద నిలబడి పైకి చూసేవాడిలా చెబుతాను.

ముందు మీ అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పు: యుద్ధానికి వచ్చిన డ్రోన్ లైట్లు వేసుకుని రాదు. రాత్రి వేటకి వెళ్లే బోటుకి ఎడమ పక్క ఎర్ర లైటు, కుడి పక్క ఆకుపచ్చ లైటు ఎందుకు పెడతారో మీ నాన్నని అడుగు. ఎదుటి బోటు మనల్ని చూసి తప్పుకోవాలని. విమానాలకీ అదే పద్ధతి. కనపడాలని లైటు వేసుకున్నవాడు దొంగతనానికి వచ్చినవాడు కాదు. పైగా పాకిస్తాన్ సరిహద్దు ఎంత దగ్గర దారిన చూసినా మనకి 1500 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వచ్చే డ్రోన్లు లేవని కాదు. కానీ అవి చిన్నపాటి విమానమంత ఉంటాయి, గాల్లో ఒకచోట నిలబడవు. నువ్వేమో "ఆగి, పక్కకి జరిగి, మళ్లీ ఆగుతోంది" అని రాశావు. అలా ఆగేది నాలుగు ఫ్యాన్ల క్వాడ్‌కాప్టర్. పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర ఉండేది అదే.

మరి మన మిలటరీదేనేమో అంటావా? మన నేవీ 2020 నవంబరులో రెండు అమెరికా డ్రోన్లను లీజుకి తెచ్చి తమిళనాడు అరక్కోణం దగ్గరి ఐఎన్ఎస్ రాజాళి నుంచి ఎగరేయడం మొదలుపెట్టింది. ఎంక్యూ-9బీ అంటారు. 40,000 అడుగుల ఎత్తున 30 గంటలకు పైగా తిరగగలదు. అలాంటివే 31 కొనడానికి 2024 అక్టోబరులో ఒప్పందం అయింది, నేవీకి 15, ఆర్మీకి 8, వైమానిక దళానికి 8. అలాంటిది మీ ఊరి మీదుగా పోయినా నీకు కనపడదు, వినపడదు. మీ కుక్క కూడా మొరగదు.

అందుకే నేను ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. చిన్న డ్రోన్ కనిపిస్తే పైకి చూడటం ఆపి చుట్టూ చూడు. దాని రిమోట్ పట్టుకున్న మనిషి అక్కడెక్కడో ఉంటాడు. కంపెనీ వాడు డబ్బా మీద పది కిలోమీటర్లు పోతుందని రాసుకోవచ్చు. బ్యాటరీ ఉండేది అరగంట, రాత్రిపూట కొబ్బరి చెట్ల మధ్య, కరెంటు తీగల మధ్య రెండు మూడు కిలోమీటర్లు దాటించే ధైర్యం ఎవడికీ ఉండదు. బీచ్ రిసార్టులో పెళ్లి ఉందా? పోర్టు వైపు ఏదైనా సర్వే జరుగుతోందా? కాలేజీ కుర్రాళ్లు రీల్స్ తీస్తున్నారా? పది రోజులుగా ఒకే టైముకి వస్తోందంటే ఎవడో రోజూ అదే టైముకి అక్కడికి వస్తున్నాడన్నమాట. బైకు మీద ఒక రౌండు వేస్తే దొరుకుతాడు.

నా మేనల్లుడు ప్రీ వెడ్డింగ్ షూట్లు చేస్తాడు. మొన్న వాడిని వెంటబెట్టుకుని రాత్రి బీచ్‌కి వెళ్లి ఒక పరీక్ష పెట్టాను. 30 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు తేనెతుట్టె కదిలినట్టు గుయ్యిమంటోంది. 60 మీటర్లకి పోయేసరికి అలల హోరులో చప్పుడు కలిసిపోయింది. 120 మీటర్లకి, అంటే విడిగా అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో చట్టం ఒప్పుకునే 400 అడుగులకి పోయాక మిగిలింది ఒక చుక్క లైటు. పల్లీలు అమ్మే అతన్ని అది ఎంత ఎత్తులో ఉందని అడిగితే కిలోమీటరు అన్నాడు. టీ కొట్టు ఆవిడ విమానం అంది. ఇంకొకాయన శాటిలైట్ అని తేల్చేశాడు. మా ఆవిడ మాత్రం "అది నన్నే చూస్తోందండీ, నేను ఎటు నడిస్తే అటే వస్తోంది" అంది. అది అంగుళం కూడా జరగలేదు. చీకట్లో ఒంటరి లైటుని కన్నార్పకుండా చూస్తే, కదలకపోయినా కదిలినట్టే కనిపిస్తుంది. మన కన్ను చేసే మోసం అది. రాత్రి సెంట్రీ డ్యూటీ చేసిన ప్రతి జవానుకీ ఇది అనుభవమే.

అలాగని నీ భయాన్ని నవ్వి తీసిపారేయడం లేదు. ఈ తీరానికి ఆకాశమంటే భయం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బాంబు పడినచోట పరుగెత్తినవాళ్ల కన్నా పడుతుందని విని ఊళ్లు వదిలినవాళ్లే ఎక్కువని మా అమ్మమ్మ చెప్పేది. 1979లో స్కైలాబ్ నెత్తిన పడుతుందని, ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్న తెలుగు పల్లెల కథలు నువ్వూ వినే ఉంటావు. అది పోయి హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. కోళ్లు మాత్రం తిరిగి రాలేదు.

డ్రోన్ అన్న మాట పుట్టిందే మా గన్నర్ల వల్ల అంటే నమ్ముతావా? 1935లో బ్రిటిష్ వాళ్లు టైగర్ మాత్ అనే చిన్న శిక్షణ విమానాన్ని పైలట్ లేకుండా రేడియోతో ఎగిరేలా మార్చారు. గన్నర్లు గురి నేర్చుకోవడానికి అదే టార్గెట్. దానికి క్వీన్ బీ అని పేరు పెట్టారు, అంటే రాణీగ. ఆ పేరు నుంచే ఇలాంటివాటిని డ్రోన్, అంటే మగ తేనెటీగ, అనడం మొదలైందంటారు. మన డీఆర్‌డీవో చేసిన లక్ష్య కూడా టార్గెట్ విమానమే. మన రాష్ట్రంలోనే బాలాసోర్ దగ్గర చాందీపూర్‌లో దాన్ని ఎన్నోసార్లు పరీక్షించారు. తీగకి కట్టిన టార్గెట్‌ని వెనకాల లాక్కుంటూ పోతుంది, పనైపోయాక పారాచూట్‌తో దిగుతుంది. మొదట్లో డ్రోన్ అంటే దెబ్బలు తినడానికి పుట్టిన ప్రాణి.

అది తిరగబడింది 1982లో. లెబనాన్ బెకా లోయలో సిరియా 19 మిసైల్ బ్యాటరీలు, అంటే విమానాల్ని కూల్చే మిసైల్ దళాలు, పెట్టుకుని కూర్చుంది. ఇజ్రాయెల్ ముందు పైలట్ లేని బొమ్మ విమానాలు పంపింది. నిజం విమానాలనుకుని సిరియా వాళ్లు రాడార్లు ఆన్ చేశారు. రాడార్ ఆన్ చేయడమంటే చీకట్లో టార్చి వేయడమే, నువ్వు చూస్తావు, నువ్వూ కనిపిస్తావు. జూన్ 9న ఒక్క రోజులో 17 బ్యాటరీలు పోయాయి. మాకు ట్రైనింగ్‌లో ఇది పాఠంగా చెప్పేవారు, నేను తర్వాత కుర్రాళ్లకి చెప్పేవాణ్ణి. వాడు పంపిన ప్రతిదాన్నీ చూడగానే కొట్టకు, వాడికి కావాల్సింది నువ్వు కొట్టడమే కావచ్చు.

2025 మేలో జరిగింది చూడు. మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకి 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన అధికారులు చెప్పారు. మన ఎయిర్ డిఫెన్స్‌ని పరీక్షించడం, సమాచారం లాగడం దాని ఉద్దేశం కావచ్చనీ అదే ప్రెస్ మీట్‌లో అన్నారు. బెకా లోయ పాఠమే. చవక డ్రోన్ మీదికి కోట్ల రూపాయల మిసైల్ పంపించడం తెలివి కాదు కాబట్టి ఆ రాత్రుల్లో పాత తుపాకులే పనికొచ్చాయి, ఎల్-70, జడ్‌యూ-23, షిల్కా. ఎల్-70 నేను పనిచేసిన గన్. నాలుగు గుండ్ల క్లిప్పు పది కిలోలుంటుంది, ఒక్క సెకను పూర్తయ్యేలోపే మింగేస్తుంది. లోడర్ కుర్రాడి భుజాలు సాయంత్రానికి అట్టకట్టుకుపోయేవి. మ్యూజియంలో పెట్టాల్సిన గన్ అని మమ్మల్ని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ వారం టీవీ చూస్తూ నేను కాస్త ఎక్కువే గర్వపడ్డాను, ఒప్పుకుంటాను.

అక్కడి జనం భయం మాత్రం నిజమైన భయం. పంజాబ్ ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఒక ఇంటి మీద డ్రోన్ పడి ఒకే కుటుంబంలో ముగ్గురికి కాలిన గాయాలయ్యాయి, ఆ ఇంటావిడ తర్వాత చనిపోయింది. 2021 జూన్ 27న జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లు రెండు చిన్న బాంబులు వేస్తే ఇద్దరు జవాన్లకి గాయాలయ్యాయి. సరిహద్దు అక్కడికి దగ్గర. ఆ భయాన్ని వాట్సాప్ తెచ్చి గోపాలపూర్‌లో దించింది. మే 7న మాక్ డ్రిల్ జరపాల్సిన చోట్లలో గోపాలపూర్, కొరాపుట్ పేర్లు కూడా ఉండేసరికి ఇక చెప్పనక్కర్లేదు. మా వీధిలో ఒకాయన నెలకి సరిపడా బియ్యం, రెండు డబ్బాల కిరోసిన్ కొన్నాడు. ఇంట్లో కిరోసిన్ స్టవ్ లేదు.

ఇక నీ రెండో ప్రశ్న, మా మీద ఏమైనా పడుతుందా అన్నది. పడితే గిడితే పడేది శత్రువు డ్రోన్ కాదు, దాన్ని కొట్టడానికి మనం నేర్చుకుంటున్న దాంట్లో తునకలు. అవి మీ మీద పడకూడదనే మిమ్మల్ని సముద్రంలోకి వెళ్లొద్దంటారు. గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, సముద్రం వైపు కాల్చే రేంజ్ ఉంది. 2025 మే 13న అక్కడే భార్గవాస్త్ర అనే కొత్త ఆయుధాన్ని పరీక్షించారు. నాగ్‌పూర్ కంపెనీ చేసింది. గుంపుగా వచ్చే డ్రోన్ల మీదికి చిన్న చిన్న రాకెట్లు వదులుతుంది, రెండున్నర కిలోమీటర్ల లోపు వాటిని కొడుతుందని చెప్పారు. ఆ రోజు నాలుగు రాకెట్లు వదిలారు, అందులో రెండు రెండు సెకన్ల తేడాలోపే. మీ ఊరికి ఆ చప్పుళ్లు వినిపించి ఉంటే, ఆపరేషన్ సిందూర్ వార్తలు నడుస్తున్న ఆ రోజుల్లో జనం ఏమనుకుని ఉంటారో ఊహించగలను.

కోర్సుకని నేను గోపాలపూర్ వచ్చిన కొత్తలో ఒక రోజు ఫైరింగ్ మొదలవబోతుంటే రేంజ్ హద్దులోకి ఒక పడవ వచ్చేసింది. ఎర్ర జెండా ఎగురుతూనే ఉంది. హిందీలో అరిచారు, ఒడియాలో అరిచారు, పడవ కదల్లేదు. తెలుగువాణ్ణని నన్ను పిలిచి మైకిచ్చారు. "తాతా, వెనక్కి తిప్పండి, గుండ్లు పడతాయి" అన్నాను. ఆయన వల లాగుతూనే ఉన్నాడు. ఫైరింగ్ గంటసేపు ఆగిపోయింది. ఒడ్డుకి తీసుకొచ్చాక మా సాహెబ్ కోప్పడుతుంటే ఆ ముసలాయన నన్ను చూసి, "వల వదిలేసి వచ్చేత్తే మీ తుపాకీ నాకు వల కొనిపెడతాదేటి బాబూ?" అన్నాడు. నేను దాన్ని హిందీలోకి మార్చి చెప్పలేదు. ముసలాయన ఏమన్నాడని సాహెబ్ అడిగితే సారీ చెప్పాడన్నాను.

డ్రోన్ల వల్ల మీ ఊరికి నిజంగా జరిగే నష్టం ఇక్కడుందని నా అభిప్రాయం. ప్రపంచమంతా డ్రోన్లు పెరిగేకొద్దీ వాటిని కూల్చే ఆయుధాల పరీక్షలు పెరుగుతాయి. పరీక్షలు పెరిగితే వేట బంద్ రోజులు పెరుగుతాయి. పాకిస్తాన్ డ్రోన్ గురించి మీటింగు పెట్టుకోవడం కన్నా దీని గురించి పెట్టుకోండి. ఫైరింగ్ నోటీసు వారం ముందు రావాలని, మైకులో తెలుగులో కూడా చెప్పాలని, పోయిన రోజులకి పరిహారం లెక్క కట్టాలని పంచాయతీ ద్వారా కలెక్టర్ గారికి రాయండి. రాసేటప్పుడు కావాలంటే నేను కూర్చుంటాను.

అందరి భయం ఒకటి కాదన్నది కూడా చెప్పాలి. మల్కన్‌గిరి జిల్లా కలిమెల వైపు మా బంధువొకాయన టీచరు. అక్కడ డ్రోన్ అంటే పాకిస్తాన్ గుర్తురాదు, పోలీసులు గుర్తొస్తారు. సీఆర్‌పీఎఫ్ లాంటి బలగాలు నేత్ర అనే చిన్న డ్రోన్‌ని చాలా ఏళ్లుగా వాడుతున్నాయి. దాని తొలి రకాలు ఒకటిన్నర కిలో బరువు, ఒకటిన్నర కిలోమీటరు దూరం. అంటే అక్కడ డ్రోన్ కనిపించిందంటే బలగం పక్క ఊళ్లోనే ఉందని అర్థం, ఈ రాత్రి ఏదో జరగొచ్చని అర్థం. పక్కనే బస్తర్‌లో డ్రోన్లతో బాంబులు వేశారని 2021 నుంచి మావోయిస్టులు ఆరోపిస్తూ వచ్చారు, పోలీసులు కాదంటూ వచ్చారు. మధ్యలో ఉన్న ఊరివాడికి ఎవరి మాట నమ్మాలో తెలియదు. వాగు దగ్గర స్నానం చేసే ఆడవాళ్లు పైన గుయ్యిమంటే బట్టలు చుట్టుకుని పరుగెత్తుతున్నారని మా టీచరు చెప్పాడు. అది గంజాయి తోటల కోసం ఎగరేసిందా, మనుషుల కోసమా అని వాళ్లు ఎవర్ని అడగాలి? ఇలాంటిచోట "చుట్టూ చూడు, మనిషి దొరుకుతాడు" అన్న నా సలహా పనికిరాదు. మనిషి దొరుకుతాడు, అడిగే ధైర్యమే దొరకదు.

మూడో ప్రశ్న పెద్దది. మనిషి లేకుండా చంపే డ్రోన్.

ముందు ఒక అపోహ. పెద్ద డ్రోన్లలో మనిషి లేడనుకుంటారు. ఉంటాడు, కాకపోతే పైన కాదు, వేల మైళ్ల అవతల ఏసీ గదిలో. అమెరికా ప్రిడేటర్ డ్రోన్‌కి మిసైల్ కట్టి 2001లో అఫ్ఘానిస్తాన్‌లో వాడినప్పటి నుంచీ ఇదే పద్ధతి. మనిషి ఉంటే తప్పు జరగదా? 2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్ల కారుని డ్రోన్లతో ఎనిమిది గంటలు వెంబడించారు. డిక్కీలో ఎక్కిస్తున్నవి పేలుడు సామాన్లనుకున్నారు. కారు ఇంటికి చేరగానే కొట్టారు. పదిమంది చనిపోయారు, ఏడుగురు పిల్లలే. ఎక్కించినవి నీళ్ల డబ్బాలు. మూడు వారాల తర్వాత పెంటగాన్ మా తప్పేనని ఒప్పుకుంది. ఎనిమిది గంటలు చూసి కూడా నీళ్ల డబ్బా తెలియలేదంటే, పైనుంచి చూడటం అంటే అర్థం చేసుకోవడం కాదన్నమాట. నేను రాడార్ తెర ముందు కూర్చున్నవాణ్ణి, ఆ టెన్షన్ తెలుసు. తెర మీద చుక్క నీకు ఏం కావాలో అదే అయి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు మార్పు ఉక్రెయిన్‌లో వచ్చింది. డ్రోన్‌కీ రిమోట్‌కీ మధ్య సిగ్నల్ తెంపేయడం, జామింగ్, రెండు వైపులా బాగా నేర్చుకున్నారు. దానికి విరుగుడుగా ఒకటి, డ్రోన్ వెనకాల సన్నని ఫైబర్ తీగ చుట్ట కట్టి గాలిపటంలా వదలడం. రెండోది, చివరి దూరంలో సిగ్నల్ పోయినా చూపించిన టార్గెట్‌ని కెమెరాతో పట్టుకుని అదే వెళ్లి గుద్దేలా చేయడం. ఇక్కడి నుంచి టార్గెట్‌ని కూడా నువ్వే వెతుక్కో అనడానికి ఎక్కువ దూరం లేదు. 2020లో లిబియాలో టర్కీ తయారీ కార్గు-2 డ్రోన్ అలా పనిచేసి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదిక ఒకటి 2021లో చెప్పింది. కాబట్టి నువ్వు విన్నది పూర్తిగా పుకారు కాదు.

ఇలాంటివాటి మీద జెనీవాలో 2014 నుంచి చర్చలు నడుస్తున్నాయి. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో దీని మీద ఒక తీర్మానం వస్తే 152 దేశాలు ఔనన్నాయి, నాలుగే కాదన్నాయి. ఆ నాలుగులో మన దేశం ఉంది. జెనీవాలో చర్చ ఉండగా వేరే దుకాణం ఎందుకన్నది మన వాదన. పక్కలో చైనా, పాకిస్తాన్ ఉన్నప్పుడు చేతులు ముందే కట్టేసుకోవద్దన్న ఆలోచన కూడా ఉంటుందని నా ఊహ. యూనిఫాం వేసినవాడిగా అది నాకు అర్థమవుతుంది. అయినా ఆ ఓటు నాకు నచ్చలేదు. మేం గన్ మీద కూర్చున్నప్పుడు ఫైర్ అనే మాట ఎంత గట్టిగా వినాలో, స్టాప్ అనే మాటని అంతకన్నా గట్టిగా వినడం నేర్పేవారు. ఆ రెండో మాట వినే చెవి యంత్రానికి ఉండాలి. మన నాగాస్త్ర-1 నాకు నచ్చింది అందుకే. వెళ్లి గుద్దుకుని పేలే రకమే, కానీ చివర్లో వద్దనుకుంటే వెనక్కి పిలవొచ్చు, పారాచూట్‌తో దిగుతుంది, మళ్లీ వాడుకోవచ్చు. 2024 జూన్‌లో ఆర్మీకి మొదటి విడతగా 120 అందాయి.

చివరిగా మీ చిన్నోడి సంగతి. ఉండేలు వాడి చేతిలోంచి తీసేయి. తగిలితే ఆ డ్రోన్ ఎవరి ఇంటి మీద పడుతుందో తెలియదు, అందులోని లిథియం బ్యాటరీ పగిలితే భగ్గున అంటుకుంటుంది. మీ వైపు కొబ్బరాకు పాకలున్నాయి. పైగా ఎగరేసినవాడికి పర్మిషన్ ఉంటే కేసు మీ వాడి మీదికే వస్తుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్ ఎగరేయాలంటే దానికి నంబరు ఉండాలి, మిలటరీ స్థలాల చుట్టూ రెడ్ జోన్‌లో అయితే ప్రత్యేక అనుమతి ఉండాలి. ఎగరేసేవాడు కనిపిస్తే ఇద్దరు పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లి నంబరు అడగండి. చెప్పకపోతే 112కి ఫోన్ చేయండి. రేంజ్ గోడ దగ్గరే ఎగరేస్తుంటే అడగడాలు కూడా వద్దు, నేరుగా ఫోన్ చేయండి. ఎవడైనా ఎక్కడైనా కిందపడ్డ డ్రోన్ చూస్తే మాత్రం ముట్టుకోకూడదు, బొమ్మలా ఉన్నా సరే.

ఈ రాత్రి మళ్లీ వస్తే టైము రాసుకో, ఏ దిక్కు నుంచి వచ్చిందో, ఏ దిక్కుకి దిగిందో రాసుకో. దిగిన దిక్కు ముఖ్యం. రేపు ఇక్కడ పెట్టు, మా మేనల్లుణ్ణి కూడా అడుగుతాను. బరంపురం, గోపాలపూర్‌లలో డ్రోన్ ఉన్న కుర్రాళ్లు వాడికి చాలామంది తెలుసు.